వంకర వెన్నుతో పెరిగిన కానాగంత: ఒక్క చేప ఎముకలు ఎంతవరకు సాక్ష్యం చెబుతాయి

ఈ కేసు ఒక్క చేపది. కానాగంత, శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిజర్ కానగుర్త. పొడవు ఇంచుమించు 21 సెంటీమీటర్లు, ఆడది. విశాఖ తీరంలో రింగు వలకు పడిన మందలో దొరికింది. వీపు మీది రెండో రెక్క దాటాక దాని వెన్ను ఒక్కసారిగా కిందికి కుంగి, మళ్లీ పైకి లేచి తోకలో కలిసింది. పక్క నుంచి చూస్తే ఎవరికైనా ఒక్క చూపులో తెలిసిపోయే వంకర. ఇలా వెన్ను కిందికి కుంగడాన్ని లార్డోసిస్ అంటారు. పైకి గూనిలా లేస్తే కైఫోసిస్, కుడికో ఎడమకో వంగితే స్కోలియోసిస్.

చేప మా ల్యాబ్‌కి చేరేలోపే దాని వీడియో ఫోన్లలో తిరిగింది. 'కంపెనీ నీళ్లతో చేపలు వంకరపోతున్నాయి, ఎవరూ తినకండి' అని కింద రాసి ఉంది. చేప తెచ్చిన పడవ యజమాని అడిగిందీ అదే: "ఇది మందు నీళ్ల వల్లే కదా సార్? ఆ ముక్క రాసిచ్చీండి, కలెక్టరాఫీసులో ఇచ్చుకుంటాం."

ఆయన కోపంలో న్యాయం ఉంది. తీరానికి దగ్గర్లో వేట తగ్గి, డీజిల్ పోసుకుని దూరం పోవాల్సి వస్తున్నవాడికి కళ్లెదుట సముద్రంలోకి నీళ్లు వదిలే కంపెనీ పైపు మీద అనుమానం రావడం సహజం. కానీ నేను సంతకం పెట్టే కాగితం అవతలి పక్షం నిపుణుడు వేసే మొదటి ప్రశ్నకే పడిపోకూడదు. అలా ఒకసారి పడిపోయిందా, రేపు నిజంగా గట్టి ఆధారం పట్టుకెళ్లినా 'మీరు కిందటిసారీ ఇలాగే అన్నారు' అంటారు. అందుకే ఈ చేపను ఎలా పరీక్షించాం, ఎక్కడిదాకా చెప్పగలిగాం, ఎక్కడ ఆగాం అన్నది వివరంగా రాస్తున్నాను.

వంకర నిజమైనదేనా

ముందు తేల్చాల్సింది ఇదే. చచ్చిన చేప బిగుసుకుంటుంది. ఐస్ పెట్టెలో అడ్డంగా పడి, మీద బరువు పడితే ఆ వంపులోనే బిగుస్తుంది. ఫ్రీజర్‌లో గడ్డకట్టిన చేపైతే ఇంకా మోసం. అలాంటి దాన్ని కరగనిచ్చి, బిగువు వదిలాక తలా తోకా పట్టుకుని మెల్లగా సాగదీస్తే తిన్నగా అవుతుంది. ఇది కాలేదు. వంపు దగ్గర వేలితో నొక్కితే లోపల గట్టిగా, కదలకుండా ఉంది.

తర్వాత చర్మం. కానాగంత వీపు పక్కన నల్లటి పొడుగు చారలుంటాయి. ఎడమ వైపు, సరిగ్గా వంపు పైన, ఆ చారలు తెగి పక్కకు జరిగాయి. అక్కడ పొలుసులు వరసగా లేవు. చిన్నవీ పెద్దవీ కలిసిపోయి, కొన్ని అడ్డంగా తిరిగి, పాత మచ్చలా ఉన్నాయి. కుడి వైపు అంతా మామూలే. రెండో రెక్క వెనక పైనా కిందా ఉండే 5 చిన్న రెక్కలూ పూర్తిగా ఉన్నాయి. మొప్ప మూతలు, దవడలు, కళ్లు, తోక రెక్క, దేనిలోనూ తేడా లేదు.

బరువు, పొడవు చూసి చేప ఆరోగ్యం లెక్కగట్టే పద్ధతి ఇక్కడ పనికిరాదు. వెన్ను కుంగిన చేప పొడవు తక్కువ చూపిస్తుంది కాబట్టి, అదే బరువుకి అది బాగా కండపట్టినట్టు లెక్క తేలుతుంది. వంకర చేపల మీద రిపోర్టులు రాసే కొత్తవాళ్లు దీన్ని పట్టించుకోకుండా 'చేప మంచి స్థితిలో ఉంది' అని రాసేస్తుంటారు. మేం ఆ లెక్క పక్కనపెట్టి పొట్ట కోసి చూశాం. కడుపు నిండా ప్లవకాలు (నీళ్లలో తేలే సన్న జీవులు). పేగుల చుట్టూ కొవ్వు ఉంది. శన కూడా కట్టింది. అంటే ఈ చేప ఈ వంకరతోనే నెలల తరబడి తిని, పెరిగి, గుడ్లు పెట్టే వయసుకొచ్చింది.

ఇది ఎలా సాధ్యమని ల్యాబ్‌లో పిల్లలు అడిగారు. కానాగంత తినే తీరులో దీనికి జవాబుంది. అది వంజరంలా వెంటాడి కొరికే చేప కాదు. నోరు బార్లా తెరిచి మందతో కలిసి ఈదుతూ, మొప్పల దగ్గరుండే పొడవాటి దువ్వెన పళ్లతో నీళ్లలోని ప్లవకాలను వడగట్టుకుంటుంది. కాస్త నిదానంగా ఈదినా మంద మధ్యలో ఉన్నంతసేపు తిండి దొరుకుతుంది. ఇదే వంకర ఒక వంజరానికో తూరకో ఉంటే ఇంత సైజుకి వచ్చేదని నేననుకోను.

ఎక్స్‌రేలో కనిపించింది

చేపను పక్కకు పడుకోబెట్టి ఒకటి, వీపు పైకి పెట్టి ఒకటి, రెండు ఎక్స్‌రేలు తీయించాం. ఒక్క కోణంలో తీసి వదిలేస్తే పక్కకు తిరిగిన వంపు కనపడదు. ఎముకలు సన్నవి కాబట్టి కిలోవోల్టులు బాగా తగ్గించాలి. మనుషులకు పెట్టే సెట్టింగులో పెడితే ఫిల్మ్ మీద ఏమీ మిగలదు.

మొదట వెన్నుపూసలు లెక్కపెట్టాం. కానాగంతకు 31 పూసలు: పొట్ట భాగంలో 13, తోక భాగంలో 18. ఈ చేపలోనూ లెక్క 31కే వచ్చింది, కానీ తేలిగ్గా రాలేదు. 20, 21, 22 పూసలు కలిసి ఒకే ముద్దయ్యాయి. ముద్దను ఒక్క పూసగా లెక్కేస్తే 29 అవుతుంది. అక్కడే ముళ్లు లెక్కపెట్టాలి. తోక భాగంలో ప్రతి పూసకు పైకి ఒక ముల్లు, కిందికి ఒక ముల్లు ఉంటాయి. ముద్ద నుంచి పైకి మూడు, కిందికి మూడు ముళ్లు లేచి ఉన్నాయి. అంటే మూడు పూసలూ ముందు విడివిడిగా, సరిగ్గా తయారై, తర్వాతే అతుక్కున్నాయన్నమాట.

ఈ కేసులో అన్నిటికన్నా విలువైన సమాచారం ఇదే అని నా అభిప్రాయం. గుడ్డులో పిండం ఉన్నప్పుడే తేడా జరిగితే బొమ్మ వేరేగా ఉంటుంది. పూసల సంఖ్యే మారుతుంది, సగం పూసలు కనపడతాయి, ఒక పూసకు రెండు ముళ్లో, అసలు ముల్లే లేకపోవడమో జరుగుతుంది. తరచుగా వెన్నులో ఒకటికి మించిన చోట్ల చెదురుమదురుగా ఉంటుంది. ఇక్కడ అవేవీ లేవు. ముందు 19 పూసల్లోనూ, వెనక 9 పూసల్లోనూ ఇలాంటి లోపమేదీ లేదు.

ఇంకొకటి. 21వ పూస పై ముల్లు మొదట్లో విరిగి, కొంచెం పక్కకు జరిగి అతుక్కుంది. అతుకు చుట్టూ ఎముక ఉండలా ఉబ్బింది. అది జరిగింది ఎడమ వైపుకు, చర్మం మీద మచ్చ ఉన్న వైపుకు. ముద్దకు అటూ ఇటూ ఉన్న 19, 23 పూసలు విరగలేదు కానీ, వంపు లోపలి వైపు పొట్టిగా, బయటి వైపు పొడుగ్గా, ఒక పక్క సన్నబడే ఆకారానికి మారాయి. వంగిన వెన్ను మీద బరువు ఒక పక్కే పడుతూ ఎముక పెరిగితే ఇలాగే అవుతుంది. చచ్చాక విరిగిన వెన్నులో ఈ ఉబ్బూ ఉండదు, ఈ ఆకారం మార్పూ ఉండదు.

ఎక్స్‌రే తర్వాత వంపు భాగం కోసి అలిజరిన్ రెడ్‌తో రంగు పట్టించాం. కండను కరిగించి పారదర్శకం చేస్తే ఎముక ఒక్కటే ఎర్రగా నిలబడుతుంది. పూసల మధ్య మెత్తటి పొర ఎక్కడ మిగిలింది, ఎక్కడ ఎముకగా మారిందన్నది అప్పుడు కంటితోనే కనిపిస్తుంది. ముద్ద పై అంచులో పొర పూర్తిగా పోయింది, కింది అంచులో ఇంకా సన్న గీతలా ఉంది. ఇంతకుమించి ఈ పరీక్ష కొత్త విషయం చెప్పలేదు.

అదే వలలో పడిన మామూలు కానాగంతలు కూడా తెప్పించి ఎక్స్‌రే తీశాం. ఇది చాలామంది వదిలేస్తారు, వదలకూడదు. బయటికి ఏ లోపమూ కనపడని వాటిలో కూడా అక్కడక్కడ రెండు పూసలు అతుక్కున్న చేప తగిలింది. సముద్రంలో పెరిగే ఏ జాతి తీసుకున్నా కొన్ని చేపల్లో చిన్నచిన్న ఎముకల లోపాలుంటాయి. ఆ మామూలు మట్టం తెలియకుండా 'లోపాలు పెరిగాయి' అనే మాటకు అర్థం లేదు.

సందర్భం వచ్చింది కాబట్టి సావళ్ల గురించి ఒక మాట. పెద్ద సావడ చేపను వండేటప్పుడు ముల్లు మీద గోళీల్లాంటి ఉబ్బులు దొరికాయని, అది క్యాన్సరా అని టెన్షన్‌తో ఫోన్ చేసేవాళ్లు ఉన్నారు. దాన్ని హైపరోస్టోసిస్ అంటారు. ఆ జాతిలో పెద్ద చేపలకు అది మామూలు, జబ్బు కాదు. కొన్ని రకాల పారల్లోనూ ఉంటుంది.

ఒక్కొక్క అనుమానం

పరాన్నజీవి. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. జపాన్‌లో ఎల్లోటెయిల్ చేపల వెన్ను పక్కకు వంగిపోవడానికి కారణం వెతికితే, అది ఎముకలో దొరకలేదు, మెదడులో దొరికింది. మిక్సోబోలస్ జాతి జీవి ఒకటి మెదడులో తిత్తులు కట్టి, నరాల పట్టు తప్పించి, కండరాలు ఒక పక్కకు లాగేలా చేస్తోంది. అందుకని వంకర చేప వస్తే తల తీసి పారేయొద్దని మా వాళ్లకు ముందే చెప్పి ఉంచాను. ఈ కానాగంత మెదడునూ, వంపు దగ్గరి కండనూ గాజు పలక మీద నొక్కి మైక్రోస్కోపు కింద చూశాం. స్పోర్లు లేవు, తిత్తులు లేవు.

పోషకాల లోపం. చాలా రకాల చేపలు విటమిన్ సి సొంతంగా తయారు చేసుకోలేవు. అది లేకపోతే ఎముకకు పట్టునిచ్చే కొల్లాజెన్ సరిగ్గా అల్లుకోదు, వెన్ను వంగుతుంది. భాస్వరం తక్కువైనా అంతే. ఇవి మేత వేసి పెంచే చోట వచ్చే సమస్యలు. సముద్రంలో ప్లవకాలు తింటూ తిరిగే చేపకు, అదీ మందలో ఒక్కదానికే వచ్చిందనడం కుదరదు.

హేచరీ నుంచి తప్పించుకున్న చేప. పండుగొప్ప, పాంపనో లాంటి పెంచే చేపల్లో ఐతే ఈ ప్రశ్న ముందు వేయాలి. విశాఖ సముద్రంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) 2007లోనే పంజరాల్లో పండుగొప్ప పెంపకం మొదలుపెట్టింది. హేచరీల్లో పిల్ల దశలో గాలితిత్తి సరిగ్గా నిండకపోయినా, తొట్టిలో నీటి వేగం ఎక్కువై పిల్ల ఎప్పుడూ ఎదురీదాల్సి వచ్చినా వెన్ను కుంగడం బాగా తెలిసిన విషయం. అలాంటి చేప వల తెగి బయటపడితే 'అడవి చేపలో వైకల్యం' అని మనం పొరబడతాం. కానాగంతను మన తీరంలో ఎవరూ పెంచరు కాబట్టి ఇక్కడ ఆ చిక్కు లేదు.

పిండ దశలో తగిలిన దెబ్బ, అంటే గుడ్డు పొదిగేటప్పుడు ఎక్కువ వేడి, ఆక్సిజన్ తక్కువ కావడం, విషం. పూసల లెక్క, ముళ్ల లెక్క దీనికి ఎదురు చెబుతున్నాయి.

ఇక మిగిలింది గాయం. చర్మం మీద మచ్చ, అదే వైపు విరిగి అతికిన ముల్లు, ఒకే చోట కలిసిపోయిన మూడు పూసలు, మిగతా వెన్ను అంతా మామూలుగా ఉండటం, ఇవన్నీ కలిపి చూస్తే చిన్నప్పుడు తగిలిన దెబ్బ మానిందనే నా నిర్ణయం. దెబ్బ దేనివల్ల? పెద్ద చేప నోట పడి తప్పించుకుని ఉండొచ్చు. వల కంతలో ఇరుక్కుని గింజుకుని బయటపడి ఉండొచ్చు. నీళ్లలో డైనమైట్ తూటాలు పేల్చి వేటాడే చోట కూడా చేపల వెన్ను విరుగుతుంది, దూరంగా ఉన్నవి బతికిపోతాయి. ఈ మూడింటిలో ఏదని ఎముక చెప్పదు. రిపోర్టులో కూడా 'పాత యాంత్రిక గాయం, కారకం నిర్ధారించలేం' అనే రాశాను.

మరి కాలుష్యం మాటేమిటి

పడవ యజమానికి ఈ జవాబు రుచించలేదు. "అంటే కంపెనీ నీళ్లు మంచివేనంటారా సార్?" అన్నాడు. అలా అనలేదు. ఈ చేప ఆ నీళ్లకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పలేదన్నాను, అంతే. ఆ నీళ్లు మంచివని కూడా ఇది చెప్పలేదు. ఈ రెండో ముక్కను రిపోర్టులో వేరే పేరాగా రాశాను. లేకపోతే ఈ కాగితాన్నే అవతలివాళ్లు సర్టిఫికెట్‌లా వాడుకుంటారు.

విషం వల్ల చేపల ఎముకలు వంకరపోతాయనడంలో ఏ అనుమానమూ లేదు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం హోప్‌వెల్‌లో కెపోన్ అనే పురుగుమందు తయారుచేసే ఫ్యాక్టరీ 1975లో మూతపడింది. అప్పటికే ఆ మందు జేమ్స్ నదిలో కలిసిపోయి, అక్కడ ఏళ్ల తరబడి చేపల వేట మీద ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. ఆ కెపోన్‌ను ల్యాబ్‌లో షీప్స్‌హెడ్ మిన్నో అనే చిన్న చేపల మీద పరీక్షిస్తే వాటి వెన్ను పక్కకు వంగింది, పూసలు విరిగాయి. మందు నరాల మీద పనిచేసి కండరాలను బిగబట్టేస్తే, ఆ బిగువుకి ఎముక లొంగి ఉండొచ్చు. ఇలాంటి కేసులో ఎముక ఒక్కటే చూస్తే 'విరిగింది' అని మాత్రమే కనిపిస్తుందన్నది నిజమే. అందుకే మన చేపలో చర్మం మీది మచ్చకు నేను అంత విలువిచ్చాను.

అలాస్కాలో 1989 మార్చి 24న ఎక్సాన్ వాల్డెజ్ ఓడ రాతిదిబ్బకు గుద్దుకుని ప్రిన్స్ విలియం సౌండ్‌లోకి 4 కోట్ల లీటర్ల దాకా ముడిచమురు పారింది. కొద్ది వారాల్లోనే అక్కడ హెర్రింగ్ చేపలు ఒడ్డు దగ్గర నాచు మీద గుడ్లు పెట్టే కాలం. చమురు తగిలిన చోట్ల పొదిగిన పిల్లల్లో వంగిన వెన్ను, ఎదగని దవడ, నీరు పట్టిన సొన సంచి కనిపించాయి. తర్వాత చాలా ఏళ్ల పరిశోధనలో తేలిందేమిటంటే, చమురులోని కొన్ని పదార్థాలు ముందు దెబ్బతీసేది పిండం గుండెను. గుండె కొట్టుకోవడం తప్పాక నీరు పట్టడం, వంకరపోవడం జరుగుతాయి.

ఆ వంకర పిల్లల్లో ఎన్ని పెరిగి మార్కెట్‌కి వచ్చి ఉంటాయి? దవడ మూసుకోలేని పిల్ల తిండి తినలేదు, వెన్ను వంగిన పిల్ల తప్పించుకోలేదు. అవి కొన్ని రోజుల్లోనే పోతాయి. వలలో పడి, గంపలోకొచ్చి, ఫోన్ కెమెరాకు దొరికే వంకర చేప ఎప్పుడూ బతికి బట్టకట్టినదే. విషం నిజంగా పనిచేసిన చోట అసలు నష్టం పిల్లల దశలోనే, ఎవరూ చూడకుండానే జరిగిపోతుంది. హార్బర్‌లో వంకర చేపలు కనపడటం లేదని సముద్రం బాగుందనుకోవడం ఎంత తప్పో, ఒక్కటి కనపడగానే కారణం దొరికిందనుకోవడమూ అంతే తప్పు. మనం వెతుకుతున్న చోటే సరైనది కాదు.

సరైన చోట ఎలా వెతకాలో స్వీడన్ వాళ్లు చూపించారు. బోత్నియా సింధుశాఖలో లోహాలు కరిగించే ఫ్యాక్టరీ దగ్గర, కాగితం గుజ్జు మిల్లుల దగ్గర పట్టిన నాలుగు కొమ్ముల స్కల్పిన్ చేపలకు ఎక్స్‌రేలు తీసి, దూరంగా పట్టిన వాటితో పోల్చారు. ఫ్యాక్టరీల దగ్గర వాటిలో పూసల వైకల్యాలు ఎక్కువని తేలింది. వాళ్లు ఎంచుకున్న చేప అడుగున ఉంటూ, పెద్దగా తిరగనిది. ఎక్కడ పట్టారో దాదాపు అక్కడే బతికింది కాబట్టి దాని ఎముక ఆ చోటు గురించి మాట్లాడగలదు. కానాగంత మందలతో తీరం పొడవునా తిరిగే చేప. విశాఖలో వలకు పడింది కాబట్టి విశాఖ నీళ్ల కథ చెబుతుందని ఎలా అనగలం?

అందుకని పడవ యజమానికీ, ఆయన సంఘం వాళ్లకీ నేను చెప్పింది ఇది. పైపు మీద అనుమానం ఉంటే కానాగంతను వదిలేయండి. గెడ్డలు సముద్రంలో కలిసే చోట, పైపుకి దగ్గర్లో తిరిగే బొంతల పిల్లలు, ఇసుకలో ఉండే ఇసుకదొందులు లాంటివి తీసుకుందాం. పైపు దగ్గర కొన్ని, దూరంగా మంచి నీరున్న చోట కొన్ని, అదే సైజువి, అదే నెలలో. ఎక్కడివో తెలియకుండా నంబర్లు మాత్రమే వేసి ఎక్స్‌రే చదివేవాళ్లకు ఇద్దాం. వాటితోపాటు అక్కడి నీళ్లు, అడుగు బురద కూడా పరీక్షకు పంపిద్దాం. ఇందులో తేడా తేలితే ఆ కాగితం మీద నేను మొదటి సంతకం పెడతాను, ఏ ఆఫీసుకైనా వచ్చి చెబుతాను. ఆయన చాలాసేపు ఆలోచించి, పిల్ల చేపలు పట్టడానికి చిన్న కంత వల తనే ఇస్తానన్నాడు.

తినొచ్చా అన్న ప్రశ్నకు కూడా సూటిగా రాశాను. పాత గాయంతో వంగిన చేప నుంచి మనిషికి వచ్చే జబ్బేమీ లేదు. చేపలో విషం ఉందా అనేది వంకరను బట్టి తెలిసేది కాదు, తిన్నగా ఉన్న చేపలోనూ ఉండొచ్చు, అది కండను రసాయన పరీక్ష చేస్తేనే తేలుతుంది. వీడియో తిరిగిన రోజుల్లో గంపలెత్తుకుని వీధులు తిరిగే ఆడవాళ్ల దగ్గర బేరం పడిపోయింది. ఆ నష్టం ఎవరి లెక్కలోకీ రాదు. చేప గురించి తెలియకుండా వీడియో పెట్టేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే బాగుండు.

వంకర చేప ఎవరికైనా దొరికితే: తల, పేగులు తీయకుండా మొత్తం చేపను ఐస్‌లో, చదునుగా పరిచి పంపండి. వీలైతే ఫ్రీజర్‌లో పెట్టొద్దు, గడ్డకడితే కండ, మెదడు పరీక్షలకు పనికిరాకుండా పోతాయి. ఏ వల, ఎన్ని బారల లోతు, ఏ ఊరికి ఎదురుగా, ఏ తేదీన అన్నది ఒక చీటీ మీద రాసి సంచిలో వేయండి. అదే వలలో పడిన మామూలు చేపలు అదే జాతివి, అదే సైజువి కొన్ని కలిపి పంపండి. కుడి ఎడమ రెండు వైపులా ఫోటోలు తీసి ఉంచుకోండి, పక్కన స్కేలో, రూపాయి బిళ్లో పెట్టి.